దుప్పటి కింది మనిషి

ముఖాలు బొటనవేలికి త్వరగా లొంగవు. కోట్లూ గౌన్లూ, వెనక వేలాడే తెర, మోచెయ్యి ఆనించుకోవడానికి పెట్టే ఉత్తుత్తి స్తంభం, ఇవన్నీ రాత్రంతా బూడిదనీళ్ళలో నానితే పొద్దుటికి పాల మీద మీగడలా వాటంతటవే ఊడివస్తాయి. ముఖాలు మాత్రం గాజును కరుచుకుని ఉంటాయి. ఒటీలియా క్రౌస్ తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని, ఒక్కో పాత ఫొటో పలకా పైకి తీసి, ఆ ముఖాలను బొటనవేలితో అంచుదాకా నెట్టి నేలమీద విదిలిస్తోంది.

ఊళ్ళో అందరికీ ఆవిడ టిల్లీ. అరవైకి దగ్గరపడ్డ మనిషి. పొట్టి ఒళ్ళు, వెడల్పాటి ఒడి. వేళ్ళ కొసలు ఫొటోల వెండిమందు తగిలి నల్లగా మాడిపోయాయి. అరచేతులు బూడిదనీళ్ళకు పాలిపోయి, ఉడికించిన పందితోలులా ముడతలు పడ్డాయి. ఆ చేతులు చూసి కొత్తవాళ్ళు తాకడానికి జంకేవారు. చాలాకాలంగా ఆవిడ కూడా ఎవరికీ చెయ్యి చాచడం లేదు.

హాస్కిన్స్ ఫొటో స్టూడియో జీనులు కుట్టే కొట్టు మీది మేడలో ఉంది. టిల్లీ పని కింద దొడ్డిలో. ఎంతకాలం చూసినా ఎవరూ తీసుకుపోని ఫొటోల గాజు పలకలు చివరికి ఆవిడ తొట్టిలోకే వస్తాయి. కొత్త గాజు చికాగో నుంచి రైల్లో సగం పగిలే దిగుతుంది కాబట్టి పాతదాన్నే కడిగి మళ్ళీ వాడాలి. మరీ గీతలు పడ్డ పలకలను దొడ్డి మూల క్యాబేజీ మడి మీద కప్పుగా పరిచారు. మంచు కురిసిన పొద్దుల్లో ఎండ వాలుగా పడితే ఆ మడి మట్టిమీద పెళ్ళికొడుకుల మీసాలూ ముసలమ్మల టోపీలూ మసకమసకగా కదిలేవి. జీను కొట్టు వాళ్ళు ఆ క్యాబేజీ ముట్టేవారు కాదు. టిల్లీ శుభ్రంగా వండుకుని తినేది.

కడిగాక మెత్తటి రాతిపొడితో రుద్దాలి, జింకతోలుతో మెరుగు పెట్టాలి. చివర్న పలకను నోటికి దగ్గరగా పట్టుకుని ఊపిరి ఊదాలి. ఆవిరి అంతటా ఒకేలా పడితే గాజు శుభ్రమైనట్టు. సరిగ్గా కడగని పలక మీద ఫొటో తీస్తే పాతమనిషి కొత్తమనిషి భుజం మీంచి తొంగిచూస్తాడు. నది అవతలి ఊళ్ళో ఒక పెళ్ళికూతురి పక్కన అలాగే ఎవరో గడ్డాలాయన తేలాడు. ఆ పెళ్ళి పెటాకులైంది. టిల్లీ చేతిమీదుగా అలాంటి పలక ఒక్కటీ మేడెక్కలేదు. ఆవిడకు గర్వపడే విషయం ఏదైనా ఉందంటే అదొక్కటే. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ అక్టోబరు పొద్దున ఆవిడకు ఊపిరే సరిగ్గా ఆడటంలేదు. రొమ్ములో ఎడమపక్క ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుంది. నాలుగు రుద్దులు రుద్దడం, ఆగడం. అలా ఎంతో సేపటికి రెండు పలకలు తెమిలాయి. ఆ రెండూ పొద్దున్నే వచ్చిన పాదిరిగారికే ఖర్చయిపోయాయి. మొదటిదాంట్లో తన ముక్కు మరీ పెద్దదిగా పడిందని ఆయన రెండోది తీయించుకున్నారు. అందులోనూ ముక్కు అలాగే పడింది.

మూడో పలకకు మెరుగు పెట్టి ఊదింది. ఆవిరిలోంచి ఒక పిల్ల ఆవిడను చూసింది.

ఏడెనిమిదేళ్ళ పిల్ల. కళ్ళు బాగా విప్పి, గాజుకు అవతల నిలబడి లోపలికి చూస్తున్నట్టు ఉంది. ఒక జడ భుజం మీద కుదురుగా ఉంది, రెండోది ఊడిపోయింది. ఆవిరి ఆరగానే పిల్లా ఆరిపోయింది. టిల్లీ మళ్ళీ పొడి జల్లి, భుజం నొప్పెట్టేదాకా రుద్ది, మళ్ళీ ఊదింది. పిల్ల మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకొంచెం దగ్గరికి జరిగినట్టు అనిపించింది.

"ఏమే, పోనంటావా?" అంది టిల్లీ. తన గొంతు తనకే బొంగురుగా వినిపించింది.

"టిల్లీ!" పైనుంచి హాస్కిన్స్ కేక వేశాడు. "కుర్చీ కావాలి, పైకి రా! అలాగే ఓ పలక పట్టుకురా!"

కుర్చీ అంటే టిల్లీయే. పసిపిల్లలు తల్లి ఒళ్ళో కుదురుగా ఉండరు. ఫొటో పడేంతసేపు కదలకుండా పట్టుకోవాలంటే అలవాటున్న ఒడి కావాలి. అందుకని టిల్లీ కుర్చీలో కూర్చుని తలమీంచి పాదాలదాకా ముదురు గోధుమరంగు దుప్పటి కప్పుకునేది. ఆ దుప్పటి మీద పిల్లను కూర్చోబెట్టి ఫొటో తీసేవారు. తర్వాత గుండ్రటి అట్ట చట్రం బిగిస్తే దుప్పటి ఆకారమంతా మరుగున పడిపోయేది. అలా ఊళ్ళో సగం ఇళ్ళ గోడలమీద టిల్లీ ఉంది, ఎవరికీ కనబడదు. "మా స్టూడియోలో అన్నిటికంటే మంచి సామాను ఇదే, జర్మనీ సరుకు" అని హాస్కిన్స్ వచ్చినవాళ్ళందరితో హాస్యమాడేవాడు. ఒకసారి ఆయనే, "కూర్చో, నీదీ ఒకటి తీస్తాను" అంటే, "మంచి కాలరు గంజి పెట్టుకున్నాక చూద్దాం లెండి" అని తప్పించుకుంది. ఆ కాలరు ఇప్పటికీ పెట్టెలోనే ఉంది.

పైన సందు దొరికితే రుద్దుదామని ఆ మూడో పలకనూ జింకతోలునూ చంకలో పెట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కింది.

ఉత్తరం వైపు అద్దాల కప్పు కింద ఒక రైతు కుటుంబం నిలబడి ఉంది. నార్వే వాళ్ళు, స్కార్ అని ఇంటిపేరు. మొక్కజొన్న కోత అయ్యాక బండి కట్టుకుని వచ్చారు. తండ్రి ఆన్‌ఫిన్ టోపీని గొడ్డు ముకుతాడులా రెండు చేతులతో పట్టుకున్నాడు. పెద్దకొడుకులిద్దరూ ఒకే గుడ్డలో కత్తిరించిన కోట్లు వేసుకున్నారు. నాలుగేళ్ళ మారీ తల్లి గౌను పట్టుకుని ఉంది. తల్లి రాగ్నా చంకలో పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"అమ్మా, ఎన్నిసార్లు చెప్పను?" హాస్కిన్స్ అంటున్నాడు. "రెండేళ్ళనాటి పలక ఎక్కడుంటుంది? కడిగేసుంటాం. మీరు ఒక్కసారైనా వచ్చి అడిగితే కదా!"

"ఎలా వస్తామయ్యా? కోతలు, ఆ వెనకే మంచు." రాగ్నా గొంతు పెంచలేదు. "ఆ మంచులోనే పిల్లకి గొంతు జబ్బు తగిలింది. మా ఆడపడుచు సరదాపడి సంతకి తీసుకొచ్చినప్పుడు తీయించింది, దాని బతుక్కి అదొక్కటే ఫొటో."

"పోనీయవే" అన్నాడు ఆన్‌ఫిన్.

"పోనీక ఏం చేశాను? సరేనయ్యా, ఫొటో తియ్యండి. నడిమధ్యన మాత్రం మా ఓలీనా చోటు వదలాలి. అక్కడ ఎవ్వరూ నిలబడకూడదు."

ఆన్‌ఫిన్ నిట్టూర్చాడు. "ఇంట్లో బల్ల దగ్గర ఇప్పటికీ దానికి చెంచా పెడుతుందండీ. అన్నం దగ్గరా ఖాళీయే, ఇక్కడా ఖాళీయేనా?"

"మధ్యలో గొయ్యి పెట్టుకుని ఫొటో ఏం బాగుంటుందమ్మా?" హాస్కిన్స్ మీసం దువ్వుకున్నాడు. "నడిమధ్యన పసివాణ్ణి కూర్చోబెట్టాలి. అదీ అందం."

రాగ్నా చూపు ఆ నడిమి ఖాళీ మీదే ఉంది. ఏడ్చే మనిషిలా లేదు, ఏడ్చి ఏడ్చి ఆ పని మానుకున్న మనిషిలా ఉంది. టిల్లీ దగ్గరికి వెళ్ళి పసివాణ్ణి అందుకుంది. ఆ నల్లవేళ్ళ చేతుల్లో వాడు ఠక్కున ఏడుపు ఆపాడు. ఎంత మారాము పిల్లలైనా ఆవిడ దగ్గర ఆపుతారు.

"జడలు వేసుకునేదా తల్లీ, మీ అమ్మాయి?" అంది టిల్లీ మెల్లగా.

"వేసేదాన్ని. ఒకటి నిలిచేది, ఒకటి ఊడిపోయేది. ఎంత బిగించినా అంతే." రాగ్నా మారీ తల నిమిరింది. "జడ గుర్తుందమ్మా. ముఖమే పోతోంది. రాత్రి కళ్ళు మూసుకుంటే మారీ ముఖం వచ్చి దానిచోట కూర్చుంటోంది. ఇంకో ఏడాదికి అసలే ఉండదు."

టిల్లీ మొగుడు కాస్పర్ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఫొటో అంటూ ఏదీ లేదు. ఆ ముఖం ఎప్పుడు పోయిందో తెలియదు. మొదట నోరు పోయింది, తర్వాత కళ్ళు. ఇప్పుడు మిగిలింది ఎడమ చెవి ఒక్కటే. మనిషి పోయినప్పుడు ఏడవడానికి చుట్టూ జనం ఉన్నారు. ముఖం పోయినప్పుడు ఎవరూ లేరు.

"పాపాయికి గౌను సర్దాలి, ఇలా రా తల్లీ" అని రాగ్నాను తెరచాటుకు తీసుకెళ్ళింది.

అక్కడ కిటికీ దగ్గర పలకను నిలబెట్టి ఊదింది. ఊపిరి చాలలేదు. గాజుమీద నాణెమంత ఆవిరి పట్టి పోయింది, అందులో ఒక కన్ను మాత్రం మెరిసింది.

"నువ్వు ఊదు" అంది టిల్లీ, గోడ పట్టుకుని.

రాగ్నా అర్థంకాకుండానే వంగి ఊదింది. కూతురు వచ్చింది. కళ్ళు విప్పుకుని, ఒక జడ కుదురుగా, ఒక జడ ఊడిపోయి, తల్లి ముఖానికి ముఖం ఆనించినంత దగ్గరగా వచ్చి, చూస్తుండగానే అంచుల్నుంచి కరిగిపోయింది. రాగ్నా నోరు నొక్కుకుంది. ఆ చేతివేళ్ళ మధ్యనుంచే మళ్ళీ ఊదింది. మళ్ళీ ఊదింది.

"వద్దమ్మా, ఆపు. ఊదినకొద్దీ పలచబడుతోంది. చూడు, జడ అప్పుడే పోయింది."

"ఉండేట్టు చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళెందుకులే, అవీ నొప్పులే." టిల్లీ గోడకానుకుని ఊపిరి కూడదీసుకుంది. "ఈ పలక మీదే మీ ఫొటో తీయించాలి. నల్లటి చోట పడితేనే అమ్మాయి తేలుతుంది, తెల్లటి చోటైతే మునిగిపోతుంది. అమ్మాయి నడిమధ్యన ఉంది. నేను దుప్పటి కప్పుకుని నడిమధ్యన కూర్చుంటాను."

రాగ్నా తలెత్తింది. "ఆ చోట ఎవరూ..."

"కప్పుకున్నాక నేనెవర్ని తల్లీ? కుర్చీనేగా. ఊరంతా అదే అంటుంది."

"ఆయనకి తెలిస్తే నిన్ను ఉంచుతాడా?"

"ఉంచకపోతే మానె. బూడిదనీళ్ళు లేని ఊరు ఎక్కడైనా ఉండకపోదు."

టిల్లీ ఇచ్చిన పలకను హాస్కిన్స్ ఎన్నడూ ఊది చూడలేదు. ఈరోజూ చూడలేదు. అమ్మాయి తలకిందులు కాకుండా పై అంచు ఏదో వేలితో చూపించి మరీ ఇచ్చింది. ఆయన మందు పొయ్యడానికి చీకటిగదిలోకి వెళ్ళగానే, ఆవిడ ఒక్కొక్కరి వెనకా ఇనుప కొయ్య నిలబెట్టి, తల కదలకుండా మెడవెనక కొక్కెం ఆనించింది. చల్లటి ఇనుము తగిలి పెద్దకొడుకు ఉలిక్కిపడ్డాడు.

"ఉరి తీస్తారేంటి మమ్మల్ని?" అన్నాడు.

"నవ్వితే తీస్తాం. పళ్ళు మూసుకో నాయనా."

నడిమధ్యన వీపు ఎత్తుగా ఉన్న చేతుల కుర్చీ వేసుకుని కూర్చుంది. దుప్పటి తలమీంచి దిగింది. రాగ్నా పసివాణ్ణి ఆవిడ ఒళ్ళో పెట్టి, జారకుండా నడుముకు గుడ్డపట్టీతో కట్టింది. దుప్పటి లోపల టిల్లీ రెండు చేతులూ చుట్టి, వేళ్ళు వేళ్ళలో బిగించి వాణ్ణి పట్టుకుంది. మారీని ఎడమపక్కన నిలబెట్టారు.

లోపల ఉన్ని వాసన, పాల వాసన, ఎన్నో ఏళ్ళుగా తను విడిచిన ఊపిరి వాసన. పగలే చీకటి. టిల్లీకి అందులో ఎప్పుడూ భయం వెయ్యలేదు, పైగా రోజంతటిలో ఆవిడ పని లేకుండా ఊరికే కూర్చునేది అక్కడొక్కచోటే. ఊళ్ళో పిల్లలు ఎందరో ఆ ఒళ్ళో కూర్చుని, పెరిగి, వీధిలో ఎదురైతే పలకరించకుండా వెళ్ళిపోయారు. ఆవిడకు ఒక్కొక్కరి బరువూ గుర్తుంది. వీడు బాగా బరువున్నాడు, బతుకుతాడు.

"ఇక ఎవ్వరూ కదలొద్దు!" హాస్కిన్స్ గొంతు. "ఊపిరి కూడా మెల్లగా!"

కెమెరా మూత తీసిన చప్పుడైంది. అందరూ బిగుసుకున్నారు. అప్పుడు వీపువైపు చలిగా తగిలింది. కుర్చీకీ తనకూ మధ్య సందు లేదు, అయినా ఎవరో వెనకనుంచి వాలి, తన తలమీద గడ్డం ఆనించినట్టు ఉంది. చిన్నపిల్ల గడ్డం. బరువు లేదు. టిల్లీ కదల్లేదు. కదిలితే అమ్మాయి చెదిరిపోతుంది. రొమ్ములో మోకాలు ఇంకా గట్టిగా నొక్కింది, దవడదాకా పాకింది. ఆవిడ పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, దుప్పటికి నోరానించి ఒక పొడుగాటి ఊపిరి ఊదింది. పలకమీద ఊదినట్టే ఊదింది. మూసిన కళ్ళలో కాస్పర్ చెవి కనిపించింది, చెవి పక్కన చెంప, చెంప పక్కన నోరు. పూర్తిగా వచ్చాడు. నొప్పి తగ్గిపోయింది.

"అయింది!" హాస్కిన్స్ మూత పెట్టాడు. "ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. పలక ఎలా వచ్చిందో చూసొస్తాను, బాగాలేకపోతే ఇంకోటి తీద్దాం."

చీకటిగది తలుపు మూసుకుంది. ఎవరూ కదల్లేదు. పసివాడు నిద్రపోయాడు. అద్దాల కప్పు మీద ఎండుటాకులు గీరుకున్నాయి.

"అమ్మా" అంది మారీ గుసగుసగా. "లోపలున్నామె నా చెయ్యి వదలట్లేదు. చల్లగా ఉంది."

"కదలకు" అంది రాగ్నా.

తలుపు దభాలున తెరుచుకుంది. హాస్కిన్స్ తడి పలక చేత్తో పట్టుకుని, ముఖం కందగడ్డ చేసుకుని వచ్చాడు. "టిల్లీ! ఏం చేశావో చూశావా? ఇన్నేళ్ళలో ఎన్నడూ లేంది ఈరోజు కడగని పలక ఇస్తావా? నడిమధ్యన ఎవరో తేలారు! లే, లేచి చూడు!"

దుప్పటి లేవలేదు.

"నిద్రపోయిందా ఏం? టిల్లీ! ఓ జర్మనీ కుర్చీ!" పెద్దకొడుకు కిసుక్కుమన్నాడు. హాస్కిన్స్ కూడా కోపంలోనే సగం నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది.

రాగ్నా వచ్చి దుప్పటి ఎత్తింది. టిల్లీ కుర్చీ వీపుకు తలానించి, కళ్ళు మూసుకుని, ఎంతో కుదురుగా కూర్చుని ఉంది. రెండు చేతులూ పసివాడి నడుము చుట్టూ అలాగే బిగిసి ఉన్నాయి, వేళ్ళు వేళ్ళలో. వాటిని విడదియ్యడానికి ఆన్‌ఫిన్ చాలాసేపు తంటాలు పడాల్సి వచ్చింది. పసివాడు లేవలేదు, హాయిగా నిద్రపోతున్నాడు. మారీ తన అరచేతిని తిప్పితిప్పి చూసుకుంటోంది. రాగ్నా ఆ చేతినీ, టిల్లీ చేతులనూ చూసి, పిల్లను దగ్గరికి లాక్కుంది.

హాస్కిన్స్ చేతిలోని పలక వైపు చూశాడు. "ఇది కడిగేస్తానమ్మా" అన్నాడు. "మీకు ఇంకెప్పుడైనా మంచిది..."

"కడగొద్దు!" రాగ్నా అరిచిన అరుపుకు కింద జీను కొట్టు వాళ్ళు కూడా పని ఆపారు. ఆయన చేతిలోంచి పలక అందుకుని వెలుగుకు పట్టుకుంది. అటూ ఇటూ బిగుసుకుపోయిన మనుషులు, కాస్త కాస్త కదిలి అంచుల్లో చెరిగారు. నడిమధ్య దుప్పటి మాత్రం చెక్కినట్టు పడింది. దాని తల ఉండాల్సిన చోట ఓలీనా ముఖం ఉంది. ఆన్‌ఫిన్ భార్య భుజం మీంచి వంగి చూశాడు. ఆ పెద్దమనిషి టోపీతో ముఖం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

రాగ్నా ఏడవలేదు. పలకకు ముఖం దగ్గరగా పెట్టి చూస్తోంది. తెరచాటున తను ఊదినప్పుడు కూతురు కళ్ళు విప్పుకుని ఉంది. ఇందులో కళ్ళు మూసి ఉన్నాయి. బాగా అలసిన మనిషి ఎట్టకేలకు కూర్చున్నాక మూసుకున్నట్టు ఉన్నాయి.

"దీనికి చట్రం బిగించొద్దు" అంది. "దుప్పటి అంతా కనబడాలి. కిందిదాకా."

వాళ్ళ బండి వెళ్ళిపోయింది. జీను కొట్టు వాళ్ళు తలుపొకటి ఊడదీసుకొచ్చి టిల్లీని దానిమీద పడుకోబెట్టారు. జీను కుట్టే ముసలాయన ఆవిడ గది పెట్టెలోంచి తెల్లకాలరు తెచ్చి మెడకు పెట్టాడు. గంజి లేక అది వాలిపోయింది. అప్పుడు హాస్కిన్స్‌కు గుర్తొచ్చింది, ఈవిడ ముఖం తన దగ్గర ఒక్క గాజుమీద కూడా లేదని. పాతిపెట్టే లోపల ఒక్కటైనా తియ్యాలని గబగబా కెమెరా తిప్పాడు, దాని కాళ్ళు సరిచేశాడు, కడిగిన పలక కోసం అరలోకి చెయ్యి చాచాడు. అర ఖాళీగా ఉంది. దొడ్డిలోకి పరుగెత్తాడు. తొట్టి నిండా పలకలున్నాయి, ప్రతిదాంట్లో ఎవరో ఒకరు ఉన్నారు. బొటనవేలితో ఒక ముఖాన్ని నెట్టి చూశాడు. అది కదల్లేదు. ఈలోగా పొద్దు వాలిపోయింది, ఫొటోకి చాలే వెలుగు ఆగలేదు.

జీను కొట్టు వాళ్ళు ఆవిడను తీసుకెళ్ళాక హాస్కిన్స్ ఒక్కడే పైకి వచ్చాడు. కుర్చీ నడిమధ్యన అలాగే ఉంది, దాని వీపుమీద ఎవరో గోధుమరంగు దుప్పటి పరిచి వెళ్ళారు. పొయ్యి పక్కనే భగభగ మండుతున్నా, నోరు ఉండాల్సిన చోట దుప్పటి మీద అరచేతి మేర తడి ఇంకా ఆరలేదు.